చీనావారి పితృభక్తియు మన ఐదవ ఆజ్ఞయు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 20:12, మార్కు సువార్త 7:9–13, అపొస్తలుల కార్యములు 17:16–31





నవంబరు నెల వచ్చినది. 2వ తేదీ సమాధుల పండుగ. ఇక్కడ దిండిలోను చుట్టుపట్ల ఊళ్ళలోను మనవారు సమాధులచుట్టు గడ్డి చెక్కించి, సున్నము వేయించి, బంతిపూల దండలు వేసి, ప్రొద్దు గ్రుంకగానే కొవ్వొత్తులు వెలిగింతురు. కొబ్బరిచెట్ల నడుమ వరుసగా వెలుగు ఆ దీపములను చూచినప్పుడు ఎవరి మనస్సైనను మెత్తబడును. అయితే ఏటేట ఈ పండుగ దగ్గరపడునప్పుడు ఒక ప్రశ్నయు మాయొద్దకు వచ్చుచుండును. "అయ్యగారూ, పోయినోళ్ళకి పూలెట్టొచ్చాండీ? దండమెట్టొచ్చాండీ? అది విగ్రహారాధన కింద వత్తాదాండీ?" అని యౌవనస్థులు అడుగుదురు.

దీనికి జవాబు మేము మిషను వేదపాఠశాలలో చదువుకొన్న దినములలోనే కంఠస్థము చేసితిమి. అయితే ఆ జవాబులో సగము మాత్రమే మాకు తెలిసియుండెను. తక్కిన సగమును దేవుడు మాకు సముద్రము ఆవల, యేసు నామమెరుగని చీనావారి సమాధులయొద్ద నేర్పించెను. ఆ సంగతియే ఈ నెల మీతో చెప్పగోరుచున్నాము.

మలయాలో మనవారు

2018వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఈస్టరు పండుగ వచ్చెను. మలేసియా దేశములో పేరాక్ రాష్ట్రమందలి కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబములవారు ఆ పండుగ కూటములకు రమ్మని మమ్మును ప్రేమతో పిలిచిరి. మేము మొదట దిగినది బగాన్ దాతో అను ప్రాంతము. అక్కడ బండి దిగి చుట్టు చూచినప్పుడు కోనసీమనుండి కదలనే లేదేమో అనిపించెను. ఎటు చూచినను కొబ్బరితోటలే. కాలువలు, బురద వాసన, సముద్రపు గాలి. నూరేండ్లకు పైబడి మనవారు అక్కడ కాపురమున్నారు. వెనుకటి కాలమున కోరంగి, కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి మన ప్రాంతపు బీదలు ఓడలెక్కి కొందరు రంగమునకును, కొందరు మలయాకును కూలికి పోయిరి. బర్మాలో తెలుగువారిని కోరంగివాండ్రని పిలుచుటయు దీనినిబట్టియే. మలయా చేరినవారు రబ్బరు తోటలలోను కొబ్బరి తోటలలోను చెమటోడ్చి, 1955లో మలయా ఆంధ్ర సంఘమును కట్టుకొని, భాషను మరువక బిడ్డలకు నేర్పిరి.

ఆ దేశపు జనులలో ఐదింట ఒక వంతుకు మించి చీనావారున్నారు. మన తెలుగువారికి ప్రక్క ఇంటివారు, అంగడివారు, తోటి పనివారు వారే. ఏడవ శతాబ్దిలో హ్యూయన్ త్సాంగ్ అను చీనా యాత్రికుడు మన ఆంధ్రదేశమునకు వచ్చి, వేంగిని చూచి, ఇక్కడి జనుల ఆచారములను వ్రాసికొనిపోయెను. ఇన్ని వందల యేండ్ల తరువాత మేము వారి ఆచారములను చూచి మీకు వ్రాయుచున్నాము.

చీనావారి ఇండ్లలో

చీనావారి ఇంటి ముందు గోడకు ఎఱ్ఱని చిన్న పీఠమొకటి అమర్చియుండును. అది ఆకాశ దేవునికట. ఉదయ సాయంకాలములు ఇంటివారు అక్కడ అగరువత్తులు గ్రుచ్చుదురు. లోపల ఒక బల్లమీద వారు కొలుచు దేవతల బొమ్మలు, దాని దిగువ నేలమీద భూదేవత పీఠము, ప్రక్కను పితరుల పేర్లు వ్రాసిన పలకలు. వంటింటికి ఒక దేవుడున్నాడు. సంవత్సరాదికి ఒక వారము ముందు ఆయన పరలోకమునకు పోయి, ఆ ఇంటివారు ఏడాదంతయు ఏమి మాటలాడిరో, ఏమి చేసిరో విన్నవించునట. అందుచేత ఆయన తీపి మాటలే చెప్పునట్లు ఇంటివారు ఆ దినమున ఆయన పటము మూతికి తేనెయో పాకమో పూయుదురు. నాలుగు అను అంకె పలుకు వారి భాషలో చావు అను మాటను పోలియుండును గనుక, పెద్ద మేడలలో నాలుగవ అంతస్తునకు ఆ అంకె వేయక, మూడు ప్రక్కను అక్షరము చేర్చి వ్రాయుట మేము చూచితిమి.

దీనిని చూచి మేము నవ్వితిమి. మాతోకూడ నున్న తెలుగు సహోదరుడు నవ్వక, "అయ్యగారూ, మా తాత చెప్పేవాడండి. మన దేశంలో బాప్తిస్మం పుచ్చుకున్నోళ్ళు కూడా శుక్రవారం నాడు కూతుర్ని అత్తారింటికి పంపరంట గదండీ?" అని అడిగెను. మా నవ్వు ఆగిపోయెను. ప్రియులారా, ఇతరుల భయములు మనకు వింతగా కనబడును. మన భయములు మనకు ఆచారములుగా కనబడును. దేవుని మూతికి తేనె పూయగలమా అని నవ్వుచున్నాము గాని, ఆరు దినములు ఇష్టము వచ్చినట్లు నడచి ఏడవ దినమున కానుక పెట్టెలో నోటు వేసి దేవుని నోరు మూయించితిమని తలంచువారు మనలో లేరా?

సమాధులయొద్ద

ఈస్టరు కూటములు ముగిసిన తరువాత పినాంగు ద్వీపమునకు వెళ్ళితిమి. ఏప్రిల్ 5వ తేదీన చీనావారు సమాధులను శుభ్రపరచు పండుగ. చీనాలో దానిని ఛింగ్ మింగ్ అందురు; పినాంగులోని వారు చెంగ్ బెంగ్ అందురు. ఏటేట ఏప్రిల్ 4వ తేదీనో 5వ తేదీనో అది వచ్చును. వారి సమాధులు కొండ వాలున, గుర్రపు లాడమువలె వంపు తిరిగియుండును. తెల్లవారకముందే కుటుంబములు కత్తులు, చీపుళ్ళు, బుట్టలు పట్టుకొని కొండ ఎక్కుచుండెను. గడ్డి కోసిరి. రాతిమీద చెరిగిన అక్షరములకు మరల రంగు వేసిరి. మట్టి దిబ్బమీద రంగు రంగుల కాగితపు పీలికలు పరచి గాలికి పోకుండ రాళ్ళు పెట్టిరి. తాత మొదలు చంకలోని బిడ్డవరకు అందరును వచ్చిరి.

తరువాత కాగితములు కాల్చిరి. ఏమి కాగితములనుకొన్నారు? చచ్చినవారి లోకములో చెల్లునని అచ్చువేసిన నోట్లు. కాగితపు చొక్కాలు, కాగితపు చెప్పులు, కాగితపు మోటారు కారు, కాగితపు టెలిఫోను. వెదురు బద్దలకు రంగు కాగితము అంటించి కట్టిన ఒక మేడ ఇల్లు కూడ మేము చూచితిమి. దానికి తలుపులు, కిటికీలు, వాకిట కాగితపు పనివాండ్రు నుండిరి. జార్జిటౌను బజారులో వీటిని అమ్ము అంగళ్ళే కలవు. కుమారులు ఆ ఇంటికి నిప్పు పెట్టి, అది బూడిద యగువరకు చేతులు జోడించి నిలువబడిరి. తండ్రి బ్రతికియున్న దినములలో అద్దె ఇంటిలో నుండెనట. ఇప్పుడైనను సొంత ఇంటిలో నుండవలెనని వారి కోరిక.

ఇంకొక సమాధియొద్ద ఒక ముసలామె ఒంటరిగా కూర్చుండి యుండెను. కోడికూర, నారింజ పండ్లు రాతిపలకమీద పెట్టి, సీసానుండి వేడి కాఫీ ఒక కప్పులో పోసి, ఒక సిగరెట్టు వెలిగించి కప్పు ప్రక్కను నిలిపెను. అది తన భర్త సమాధియట. మాతోనున్న సహోదరునికి వారి భాష వచ్చును గనుక, "ఆయన త్రాగునా?" అని అడిగించితిమి. ఆమె కోపపడలేదు. "త్రాగడని నాకు తెలియదా? కొంచెము సేపటికి నేనే ఇంటికి తీసికొనిపోయి తిందును. కాని పెట్టకపోతే, మరచిపోలేదని ఆయనతో చెప్పుట ఎట్లు?" అని చెప్పెను.

ఆ మాట విన్నప్పుడు మా గుండెలో ముల్లు గ్రుచ్చుకొనెను. ఏలయనగా మా సంఘములోని ఒక విధవరాలు మాకు జ్ఞాపకము వచ్చెను. అంతకు ముందటి నవంబరులో, భర్త పోయిన తరువాత వచ్చిన మొదటి సమాధుల పండుగనాడు, ఆమె అతని సమాధిమీద అరటాకులో నాలుగు పొట్టిక్కలును ఒక చుట్టయు పెట్టెను. మేము అందరి యెదుట, "ఇది అన్యుల ఆచారము" అని గద్దించి, మా చేతితోనే ఆ ఆకు తీసి గట్టు ఆవల పారవేసితిమి. ఆమె ఒక్క మాటయు పలుకలేదు. మరుసటి ఆదివారమునుండి ఆరాధనకు రాలేదు. మేము సత్యము నిమిత్తము నిలిచితిమని తృప్తిపడి ఊరకుంటిమి. ఐదు నెలల తరువాత, పరదేశములో, మాకు తెలియని భాషలో ఒక ముసలామె మాటవలన మేము చేసినదేమో మాకు తెలిసెను. మేము చెప్పిన సిద్ధాంతము తప్పు కాదు. చెప్పిన విధము తప్పు.

పితరులు, పుత్రులు

ఆ మధ్యాహ్నము ఖూ అను ఇంటిపేరుగల వంశమువారి మందిరమును చూచితిమి. మనకు ఇంటిపేర్లున్నట్లే వారికిని కలవు. ఒక ఇంటిపేరు వారందరు చేరి మందిరము కట్టుకొని, తమ పితరుల పేర్లు వ్రాసిన పలకలను వరుసగా అందులో నిలుపుకొందురు. ఆ మందిరము 1901లో అగ్నికి ఆహుతికాగా 1906లో మరల కట్టిరి. పుట్టిన ఊరు విడిచి కూలికో వర్తకమునకో వచ్చినవారికి తమ తాతలను తలంచుకొను చోటు ఒకటి కావలసియుండెను.

ఈ పితృభక్తి వారికి నేటిది కాదు. క్రీస్తుకు పూర్వము 551లో పుట్టెనని చెప్పబడు కన్ఫ్యూషియస్ అను జ్ఞాని దీనిని తన బోధకు పునాదిగా చేసెను. తలిదండ్రులకు కూడు పెట్టినంత మాత్రమున భక్తి కాదనియు, పశువులకును మేత వేయుదుము గదా, గౌరవము లేనియెడల భేదమేమియు లేదనియు ఆయన బోధ సారాంశము. మృతుల ఆత్మలను సేవించుటనుగూర్చి ఒక శిష్యుడు అడిగినప్పుడు, బ్రతికిన మనుష్యులను సేవించుట ఎరుగనివాడు మృతులనెట్లు సేవించునని ఆయన ఎదురు ప్రశ్న వేసెనట. ఆ శిష్యుని పేరు జిలూ. అతనినిగూర్చి చీనావారు తమ బిడ్డలకు చెప్పు కథ ఒకటి కలదు. అతడు బీదవాడై యున్నప్పుడు తాను ఆకులలములు తినుచు, తలిదండ్రులకొరకు ఎంతో దూరమునుండి బియ్యము మూట మోసికొని వచ్చెడివాడు. తరువాత వారు చనిపోయిరి. అతడు గొప్ప ఉద్యోగియై, బండ్లు, ధాన్యము, మెత్తని పరుపులు కలిగియుండెను. అప్పుడు అతడు దుఃఖపడి, ఆ బియ్యము మూట మరల మోయగోరినను ఇక మోయుటకు వీలులేదు గదా అనెనట.

ఏది సరి, ఏది కాదు

ఇట్లు చెప్పుచున్నందున చీనావారు చేయునదంతయు మంచిదని మేము చెప్పుచున్నామని ఎవరును తలంచవద్దు. పౌలు ఏథెన్సు పట్టణములో విగ్రహములను చూచినప్పుడు ఆయన ఆత్మ పరితపించెను. అయినను ఆయన వారిని ఎగతాళి చేయలేదు. తెలియబడని దేవునికి వారు కట్టిన బలిపీఠమును చూపి, అక్కడనుండియే సృష్టికర్తను, మృతులలోనుండి లేచిన క్రీస్తును ప్రకటించెను. మనమును ఆ మార్గమునే నడువవలెను.

మొదటిది, మృతులు మన అన్నముకొరకు కనిపెట్టుకొని యుండరు. చీనా పంచాంగములో ఏడవ నెలయందు పాతాళపు తలుపులు తెరువబడి, ఆకలిగొన్న ఆత్మలు వీధులలో తిరుగునని వారి నమ్మిక. ఆ నెలలో ఆటపాటలు ఆడించి, మొదటి వరుస కుర్చీలను ఆ ఆత్మలకని ఖాళీగా విడుచుదురని మాతో చెప్పిరి. మహాలయ పక్షములు పాటించు మన పొరుగువారికి ఇటువంటి తలంపు క్రొత్తది కాదు. దాని క్రింద ప్రేమ ఉన్నది, భయమును ఉన్నది: పెట్టకపోతే పట్టుకొనునేమో అని. కాని క్రీస్తునందు నిద్రించినవారు ఆకలితో తిరుగువారు కారు. వారు ఆయన చేతిలో భద్రముగా నున్నారు. ధనవంతుడు లాజరుల ఉపమానములో, మరణమైన తరువాత ఇటువారటు పోజాలని అగాధము కలదని ప్రభువు చూపెను. పండుకొన్న మనవారిని దేవుడు యేసుతోకూడ తీసికొని వచ్చునని పౌలు థెస్సలొనీకయ సంఘమును ఆదరించెను. కాబట్టి మనము సమాధికి అన్నము పెట్టము. అది మనకు ప్రేమ లేకపోయినందున కాదు, నిరీక్షణ ఉన్నందున.

రెండవది, ఆరాధన దేవునికి మాత్రమే చెందును. ఈ విషయమై క్రైస్తవ సంఘము చీనాలో ఎంతో పెనుగులాడెను. 1610లో పెకింగులో మరణించిన మత్తయి రిచ్చి అను కతోలిక మిషనరీ, పితరులకు చేయు వందనమును లోకమర్యాదగా ఎంచి సహించెను. తరువాత వచ్చినవారు కాదనిరి. రోమా పోపులు 1704లోను 1715లోను 1742లోను దానిని నిషేధించి, 1939లో సడలించిరి. నడుమ చీనా చక్రవర్తి కోపించి 1721లో సువార్త ప్రకటననే ఆపివేసెను. మన ప్రొటెస్టంటు మిషనరీలును 1890లో షాంఘై మహాసభలో ఇదే ప్రశ్నపై వాదించుకొనిరి. మార్టిను దొర సహనము చూపుడని వేడగా, హడ్సను టేలరు దొరయు ఎక్కువమందియు ఒప్పుకొనలేదు. ఆరాధన విషయములో వారు గట్టిగా నిలిచినందుకు దేవునికి స్తోత్రము. అయితే వద్దని చెప్పుట సులభము. వద్దన్న దాని స్థానములో ఏమి పెట్టవలెనో చెప్పుట కష్టము. మేము ఆ విధవరాలి ఆకు తీసివేసితిమి. ఖాళీయైన ఆమె చేతిలో ఏమియు పెట్టలేదు.

సితియవాన్ పెద్ద చెప్పిన మాట

దానికి జవాబు సితియవాన్ అను ఊరిలో మాకు దొరకెను. అది బగాన్ దాతోకు సమీపముననే యున్నది. 1903లో చీనాలోని ఫూచౌ ప్రాంతమునుండి మెథడిస్టు క్రైస్తవ కుటుంబములు తమ బోధకునితోకూడ వచ్చి, అడవి కొట్టి ఆ ఊరు కట్టుకొనిరి. వీరును మనమును ఒక విధమున చుట్టములమే. 1805లో విశాఖపట్టణమునకు క్రాను, డెగ్రాంజి దొరలను పంపిన లండను మిషనరీ సొసైటీయే 1807లో రాబర్టు మారిసను దొరను చీనాలోని కాంటను పట్టణమునకు పంపెను. ఆయన పరిశుద్ధ గ్రంథమును చీనా భాషలోనికి తిప్పగా, అది 1823లో మలక్కాలో అచ్చుపడెను. అటుతరువాత 1836లో గదా, వసిష్ఠ గోదావరి ఆవలనున్న నరసాపురమునకు బౌడెను, బీరు దొరలు వచ్చి మన డెల్టాలో సువార్త పని ఆరంభించిరి.

సితియవానులో సంఘపు పెద్ద ఒకాయనను, "మీరు ఈ పండుగనాడు ఏమి చేయుదురు?" అని అడిగితిమి. ఆయన, "మేమును సమాధులు శుభ్రము చేయుదుము. పూలు పెట్టుదుము. అగరువత్తులు వెలిగించము, సాగిలపడము. కీర్తన పాడి, ఇంటి పెద్ద నిలువబడి, మా తాత ఎట్లు వచ్చెనో, ఎట్లు ప్రార్థించెనో పిల్లలకు చెప్పును. అట్టివానిని మాకిచ్చినందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి వచ్చెదము" అనెను. మేము సంతోషించి, "అంతియేనా?" అంటిమి. ఆయన నవ్వి, "అది చిన్న సగము. పెద్ద సగము ఇంటిలో ఉన్నది, రండి" అని తీసికొనిపోయెను.

ఆయన తల్లికి తొంబది యేండ్లు దాటినవి. ఆయనకే డెబ్బది దగ్గరపడినది. పనివారున్నను ఆయన స్వయముగా గంజి చల్లార్చి గరిటతో ఆమెకు త్రాగించెను. తరువాత వేడినీళ్ళలో ఆమె పాదములు కడిగి, గుడ్డతో తుడిచెను. మేము చూచుచున్నామని ఆయనకు సిగ్గును లేదు, గర్వమును లేదు. అది అయిన తరువాత తమలో వాడుకగానున్న సామెత ఒకటి చెప్పెను: చచ్చిన తరువాత పెట్టు పందితలకంటె బ్రతికియుండగా పెట్టిన ఒక్క గింజ మేలు.

మన కాగితపు ఇండ్లు

ప్రియులారా, ఇక మన సంగతి. దేవుడు సీనాయి కొండమీద ఇచ్చిన ఐదవ ఆజ్ఞ తల్లిని తండ్రిని సన్మానించుమని చెప్పుచున్నది. చచ్చిన తరువాత అని చెప్పలేదు. ఆ పలకలు ఎన్నడును చూడని చీనావారు ఆ ఆజ్ఞలో ఎంతో భాగము కాపాడుకొనిరి. ఆ పలకలు గోడకు తగిలించుకొన్న మనము దానిని ఎంత కాపాడుచున్నాము?

మన కోనసీమలో మస్కటునకు, కువైటునకు, దుబాయికి పోయిన బిడ్డలు లేని పేట అరుదు. వారు అక్కడ ఎండలో ఎంత కష్టపడుచున్నారో మేమెరుగుదుము. అప్పులు తీరక, సెలవు దొరకక నలుగువారిని నిందించుట మా ఉద్దేశము కాదు. అయితే మేము ఇల్లిల్లు దర్శించునప్పుడు చూచునది చెప్పుచున్నాము. రెండంతస్తుల డాబా, పాలరాతి నేల, పైన మూడు గదులు, మూటికిని తాళములు. క్రింద వసారాలో నులకమంచముమీద తల్లి ఒక్కతె. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, "బాగానే ఉన్నానండయ్యగారూ. మా అబ్బాయి ఆదివారం పోను జేత్తాడండి" అని, ఆ ఆదివారముకొరకు సోమవారమునుండి ఎదురుచూచును. పినాంగులో కాగితపు మేడ కాల్చుట చూచి జాలిపడితిమి. ఇక్కడ సిమెంటుతో కట్టిన ఈ మేడ ఆ తల్లికి దానికంటె ఎక్కువ ఉపయోగపడుచున్నదా? వారు చచ్చినవారికి కాగితపు ఇల్లు పంపుచున్నారు. మనము బ్రతికినవారికి అట్టి ఇల్లే కట్టుచున్నాము.

2020, 2021 సంవత్సరములలో కరోనా తెగులు వచ్చినప్పుడు, దూరదేశములలోని బిడ్డలు ఎందరో తమవారి భూస్థాపనను టెలిఫోనులోనే చూచి ఏడ్చిరి. వారికి రావలెనని ఉన్నను దారి లేకపోయెను. దారి ఉన్న దినములు ఎంత విలువగలవో అప్పుడు తెలిసెను.

దూరదేశమునకు పోయినవారిని మాత్రమే అననేల? మేము మమ్మునుగూర్చియే చెప్పుకొనవలెను. మా తండ్రిగారు లంక గ్రామములో మా అన్నగారియొద్ద నున్నారు. ఆయన కన్నులకు శుక్లములు వచ్చి, వేదము చదువుకొనలేకపోవుచున్నానని రెండేండ్లనుండి కబురు పంపుచుండెను. ప్రతిసారియు మేము కూటములున్నవి, బాప్తిస్మములున్నవి, దేవుని పని ఆగదు గదా అని ప్రత్యుత్తరమిచ్చితిమి. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు పరిసయ్యులను దేనికి గద్దించెను? తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను, అనగా దేవార్పితమని చెప్పి, వారికి ఏమియు చేయకుండ తప్పించుకొన్నందుకే గదా. ఆ వాక్యముమీద మేము ఎన్నిసారులో ప్రసంగించితిమి. ఆ పరిసయ్యుడు మేమేయని సితియవానులో, ఆ ముసలితల్లి పాదములు కడుగబడుచుండగా, మాకు తెలిసెను. మన ప్రభువైతే లోకపాపమును మోయుచు సిలువమీద వ్రేలాడు ఘడియలో సహితము తన తల్లిని మరువక ప్రియశిష్యునికి అప్పగించెను. రక్షణకార్యమునకంటె గొప్ప పని ఏది? ఆ పనిలో నున్న ఆయనకు తల్లికొరకు సమయము దొరకెను. మాకు దొరకలేదు.

మేము తిరిగివచ్చిన నెలలోనే తండ్రిగారిని అమలాపురము తీసికొనిపోయి శస్త్రచికిత్స చేయించితిమి. కట్టు విప్పిన దినమున ఆయన మొదట మా ముఖము చూచి, "నీకూ తల నెరిసిపోయిందిరా" అనెను. మేము మాటలాడలేకపోతిమి.

అటుతరువాత ఆ విధవరాలి ఇంటికి వెళ్ళి, "అమ్మా, ఆ దినమున నీ యెడల తప్పు చేసితిమి, క్షమించుము" అంటిమి. ఆమె కొంత సేపు ఊరకుండి, "ఆయన తింటాడని కాదండయ్యగారూ. నలభయ్యేళ్ళు ఈ చేత్తో వడ్డించానండి. ఒక్కరోజులో చెయ్యి ఊరుకోదండి" అనెను. మేము ఆమెతో కూర్చుండి యోహాను సువార్త 11వ అధ్యాయము చదివితిమి. లాజరును లేపబోవుచున్న ప్రభువే అతని సమాధియొద్ద కన్నీరు విడిచెనని చదివినప్పుడు ఆమె చాల సేపు ఏడ్చెను. ఆ నవంబరులో ఆమె పనసాకుల బుట్టలలో పొట్టిక్కలు వండెను. నాలుగు కాదు, తట్టెడు వండెను. సమాధియొద్ద పూలు పెట్టి మాతోకూడ ప్రార్థించి, ఆ తట్ట పట్టుకొని, పేటలో ఒంటరిగా నున్న ముసలివారి ఇండ్లకు పోయి తన చేతితోనే వడ్డించెను. ఏటేట అట్లే చేయుచున్నది. ఆమె చేతికి పని దొరకెను. మరుసటి ఆదివారమున ఆమె ఆరాధనలో తన స్థలమున కూర్చుండెను.

ఈ నెల మనము చేయవలసినవి

కాబట్టి యౌవనస్థుల ప్రశ్నకు మా జవాబు ఇది. సమాధి శుభ్రము చేయుడి, పూలు పెట్టుడి, దీపము వెలిగించుడి. అది ప్రేమ. మృతులకు దండము పెట్టకుడి, వారికి మ్రొక్కకుడి, అన్నము పెట్టకుడి. ఆరాధన దేవునిది. సమాధియొద్ద ఊరక నిలువక, ఆ పెద్దలు ఎట్లు విశ్వసించిరో, ఎట్లు కష్టపడిరో బిడ్డలకు చెప్పి దేవుని స్తుతించుడి.

ఇది చిన్న సగము. పెద్ద సగము ఇంటిలో నున్నది. సమాధుల తోటకు పోకముందు, బ్రతికియున్న తల్లియొద్దకు, తండ్రియొద్దకు, అత్తయొద్దకు, మామయొద్దకు పొండి. కొవ్వొత్తులకు పెట్టు డబ్బులో సగము వారి మందులకు పెట్టుడి. దూరదేశములో నున్నవారు డబ్బుతోపాటు మాటయు పంపుడి. వీలైన సంవత్సరము రండి. దగ్గర నున్నవారు వారానికొక పూట వారి ప్రక్కను కూర్చుండి భోజనము చేయుడి. ఎవరును లేని వృద్ధులు మన సంఘములోనున్నయెడల, సంఘమే వారికి కుమారుడును కుమార్తెయునై యుండవలెను. తన ఇంటివారిని పోషింపనివాడు అవిశ్వాసికంటె చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాసిన మాటను మేము ఇప్పుడు వణకుచు చదువుచున్నాము. ఆ కొండమీద కాఫీ కప్పు ప్రక్కను కూర్చున్న ముసలామె క్రీస్తును ఎరుగదు. అయినను తీర్పు దినమున ఆమె మన తరమువారితో లేచి మనమీద నేరము మోపకుండునట్లు మనము నడుచుకొందము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును కని పెంచినవారిని బట్టి నీకు స్తోత్రములు. వారు మాతో నుండగా మేము చూపని ప్రేమను మన్నించుము. మోయుటకు బియ్యము మూట ఇంకను ఉన్నవారికి మోయు మనస్సు దయచేయుము. మూట మోయు దినములు దాటిపోయినవారిని నీ కుమారుని పునరుత్థాన నిరీక్షణతో ఆదరించుము. చీనా జనములకును, సముద్రము ఆవలనున్న మా తెలుగువారికిని నీ రక్షణను బయలుపరచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.